కోరా, కీబోర్డు ఒకే స్టేజీ మీద: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత నెల ఈ పేజీలో ఆఫ్రికా వాయిద్యాల గురించి నాలుగు ముక్కలు రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గుంటూరు, విజయవాడల నుంచే ఉన్నాయి. అందులోనూ చాలామంది అడిగింది పశ్చిమ ఆఫ్రికా సంగీతాన్ని జాజ్‌తో కలిపి వాయించడం గురించే. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఆగాలి.

ప్రశ్న: *మేం గుంటూరు బ్రాడీపేటలో ఐదుగురం కలిసి బ్యాండు పెట్టుకున్నాం. కీబోర్డు, గిటార్, బేస్, డ్రమ్స్, మృదంగం. ఇక్కడికి దగ్గర్లో ఒక యూనివర్సిటీలో చదువుకుంటున్న గాంబియా కుర్రాడు ఈ మధ్య పరిచయమయ్యాడు. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచీ కోరా (పశ్చిమ ఆఫ్రికా తీగల వాయిద్యం) వాయిస్తారట, ఇక్కడికి కూడా తెచ్చుకున్నాడు. మేం వాయించే జాజ్ పాటల్లో అతన్ని కలుపుకుందామంటే శ్రుతి కలవడం లేదు, కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారితే ఆగిపోతున్నాడు, డ్రమ్స్ మొదలైతే అసలు వినపడటం లేదు. కోరానే కీబోర్డుకి సరిపెట్టుకోమని మా కీబోర్డ్ ప్లేయర్ అంటున్నాడు. రికార్డింగు పంపుతున్నాం, విని చెప్పండి.*

జవాబు: మళ్ళీ మళ్ళీ విన్నాను. మొదట్లో అతనొక్కడే వాయిస్తున్నప్పుడు మీలో ఎవరూ మధ్యలో దూరలేదు, రికార్డింగు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ భాగమే. తర్వాత కీబోర్డు వరసగా నాలుగు కార్డులు వేసేసరికి కోరా ఆగిపోయింది. అందులో అతని లోపమేమీ లేదు, మీరు ఎంచుకున్న పాట కోరాకి కుదిరేది కాదు.

కోరా ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. పెద్ద సొరబుర్రను సగానికి కోసి, మీద ఆవుతోలు బిగించి, అందులోంచి పొడవాటి కర్ర దూర్చి, ఆ కర్రకు 21 తీగలు కడతారు, ఎడమ చేతికి 11, కుడి చేతికి 10. రెండు బొటనవేళ్ళు, రెండు చూపుడువేళ్ళు మాత్రమే వాయిస్తాయి, మిగతా వేళ్ళు పిడులు పట్టుకుని ఉంటాయి. వీణకున్నట్టు మెట్లుండవు, ఒక్కో తీగకు ఒక్కటే స్వరం. స్థాయికి ఏడు స్వరాల చొప్పున సుమారు మూడు స్థాయిలు, అంతే. మీ కీబోర్డ్ ప్లేయర్ నల్లమెట్టు నొక్కి కొత్త కార్డులోకి వెళ్ళినప్పుడు ఆ స్వరం కోరా మీద ఎక్కడా లేదు, మరి అతను ఏం వాయించాలి? ఆగిపోవడమే సరైన పని. చెవి ఉన్నవాడు కాబట్టి ఆగాడు.

ఇక శ్రుతి. పాత పద్ధతి కోరాలకు మరలుండవు, కర్ర చుట్టూ తోలు ఉంగరాలుంటాయి, వాటిని పైకీ కిందికీ జరిపి శ్రుతి చేయాలి, బోలెడు టైం పడుతుంది. చాలామంది ఎఫ్ చుట్టుపక్కల పెట్టుకుంటారు, మన లెక్కలో నాలుగు శ్రుతి. వాళ్ళకి పేరున్న శ్రుతి పద్ధతులు కొన్ని ఉన్నాయి. సిలాబా అనేది వింటే మీ మృదంగం అబ్బాయికి శంకరాభరణం గుర్తొస్తుంది, సౌతా అనేదాంట్లో మధ్యమం పైకెక్కి కల్యాణికి దగ్గరగా ఉంటుంది. దగ్గరగా అంటున్నాను, అదే అనడం లేదు. కొన్ని స్వరాలు పియానో చోటుకి ఒక వెంట్రుక అటూ ఇటూగా ఉంటాయి, కోరా తియ్యదనంలో కొంత ఆ వెంట్రుకవాసి తేడాలోనే ఉంది. కీబోర్డుకి సరిపెట్టుకోమంటే దాన్ని తీసెయ్యమన్నట్టే. కాబట్టి మొదటి అడుగు కీబోర్డే వెయ్యాలి. మన బ్యాండ్లలో వాడే చాలా కీబోర్డుల్లో స్కేల్ ట్యూన్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, ఒక్కో స్వరాన్ని విడిగా కొంచెం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఒక సాయంత్రం మీ కీబోర్డ్ ప్లేయర్, ఆ అబ్బాయి ఇద్దరే కూర్చుని, ఒక్కో తీగా మీటుతూ కీబోర్డుని దానికి కలపండి. దాన్ని సేవ్ చేసుకుంటే తర్వాత ఒక బటన్ నొక్కితే చాలు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరికీ ఒకరి చెవి ఒకరికి తెలుస్తుంది, నా ఉద్దేశంలో బ్యాండు నిజంగా మొదలయ్యేది అప్పుడే.

పాటల ఎంపిక మార్చండి. బారుకో (బారంటే తాళంలో ఒక చిన్న భాగం) కార్డు మారే పాటలు పక్కన పెట్టి, ఒక స్వరవరస మీద చాలాసేపు నిలబడే జాజ్ వైపు వెళ్ళండి. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బం అందరికీ తెలిసిందే, అందులో మొదటి పాట 'సో వాట్' చూడండి. 32 బార్ల చుట్టులో 24 బార్లు ఒకటే స్వరవరస, మిగతా 8 బార్లు అదే వరస అర స్వరం పైకి. కార్డుల పరుగు లేదు. రాగం పాడటానికి అలవాటుపడ్డ మనకి ఇది కొత్తగా అనిపించదు. అర స్వరం పైకెక్కే ఆ 8 బార్లు కోరాకి అందవు, అక్కడ గిటార్ అందుకోవాలి, చుట్టు తిరిగి వచ్చాక కోరా మళ్ళీ చేరాలి. అందని చోట ఆగి, అందే చోట చేరడం కూడా ఏర్పాటులో భాగంగా పెట్టుకుంటే వినేవాళ్ళకి కోరా వచ్చిన ప్రతిసారీ హాయిగా ఉంటుంది. డబ్బుంటే, అతని దగ్గర రెండో కోరా ఉంటే, దాన్ని ఇంకో శ్రుతిలో పక్కన పెట్టుకోవచ్చు, అలా చేసేవాళ్ళూ ఉన్నారు.

నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇంకొకటుంది. కోరా వాయించేవాళ్ళు రెండు పనులు చేస్తారు. కుంబెంగో అని ఒక చిన్న వరస, బొటనవేళ్ళతో తిరుగుతూనే ఉంటుంది, పాటకి ఆధారం అదే. దాని మీద బిరిమింటింగో అని పై నుంచి కిందికి జలజలా వచ్చే పరుగులు, మన మనోధర్మం లాంటివి. జాజ్ నేర్చుకున్నవాళ్ళకి వెంటనే ఆశ పుట్టేది ఆ పరుగుల మీద. మీ గిటారిస్టు కూడా రికార్డింగులో కోరా పరుగు వినగానే పోటీగా తనూ ఒకటి వేశాడు. అది మానెయ్యండి. కనీసం ఒక నెల మీ అందరూ కుంబెంగోలు మాత్రమే నేర్చుకోండి. బేస్ అబ్బాయి ఎడమ బొటనవేలి వరస, గిటారిస్టు కుడి బొటనవేలి వరస, ఇద్దరూ కలిసి ఒక కోరా అవ్వాలి. ఇది విసుగ్గా ఉంటుంది, ఉండనివ్వండి. కింద వరస మీ వేళ్ళలో కూర్చున్నాక అప్పుడు ఆ అబ్బాయి తనంతట తనే ఆధారం మీకొదిలేసి పైకి వెళ్తాడు, ఇంట్లో ఒక్కడే వాయిస్తే రాని స్వేచ్ఛ అతనికి దొరుకుతుంది. జాజ్ వాళ్ళు ఇవ్వగలిగిన కానుక అది. దానికి బదులుగా అతను కూడా మీ వైపు నేర్చుకోవాలి, బ్లూస్ (అమెరికా నల్లవాళ్ళ పాటల తీరు) పన్నెండు బార్ల లెక్క, సోలో ఎవరు ఎప్పుడు వదలాలి, తల ఊపి సైగ ఎలా చేస్తారు, ఇవన్నీ. ఒక్క వైపే నేర్చుకుంటుంటే అది కలవడం అనిపించుకోదు.

డ్రమ్మర్‌కి ఒక్క మాట: కర్రలు సంచిలో పెట్టి బ్రష్‌లు తియ్యండి. మృదంగం, డ్రమ్స్ రెండూ ఒకేసారి వద్దు.

ప్రశ్న: *జాజ్ పుట్టిందే ఆఫ్రికా నుంచి వెళ్ళినవాళ్ళ వల్ల కదా, మళ్ళీ దాన్ని ఆఫ్రికా సంగీతంతో కలపడమేంటి, ఉన్నదాన్నే కలపడం కాదా? (పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)*

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. మూలం అదే అయినా మధ్యలో దారి తెగిపోయింది. బానిసలుగా అమెరికాకి తీసుకెళ్ళినవాళ్ళ భాషలు, పేర్లు, వాయిద్యాలు చాలావరకు వాళ్ళ దగ్గర మిగలనివ్వలేదు. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో తిరుగుబాటు జరిగింది, తిరగబడ్డవాళ్ళు డప్పులు కొట్టుకుంటూ కదిలారు, మరుసటి ఏడు వచ్చిన చట్టంలో బానిసలు డప్పులు వాయించడాన్నే నిషేధించారు. న్యూ ఆర్లీన్స్‌లో కాంగో స్క్వేర్ లాంటి చోట మాత్రం ఆదివారాలు కూడి వాయించుకోనిచ్చారు. ఆ ఊళ్ళోనే తర్వాత 1900 ప్రాంతాల్లో, చర్చి పాటలు, బ్రాస్ బ్యాండ్లు, బ్లూస్ అన్నీ కలిసి జాజ్ అయింది. లయలో, పిలుపూ జవాబుగా పాడే తీరులో పాత ఊరు మిగిలింది కానీ పాటలు మిగల్లేదు. అందుకే తిరిగి వెతుక్కుంటూ వెళ్ళారు.

అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యగాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1956లో అక్రా వెళ్ళాడు, అప్పటికింకా గోల్డ్ కోస్ట్, ఘనా అవడానికి ఏడాది ముందు. జనం విరగబడ్డారు. అక్కడివాళ్ళకి అతని ట్రంపెట్ కొత్త కాదు, ఈ.టీ. మెన్సా లాంటి వాళ్ళు హైలైఫ్ అనే తమ డాన్స్ సంగీతంలో ట్రంపెట్లు, సాక్సఫోన్లు ఎప్పటి నుంచో వాయిస్తున్నారు. పియానో వాయించే ర్యాండీ వెస్టన్ 1961లో నైజీరియాలోని లాగోస్ వెళ్ళి, తర్వాత మొరాకోలో ఏళ్ళ తరబడి ఉండిపోయి, అక్కడి గ్నావా వాయిద్యగాళ్ళతో కలిసి వాయించాడు.

అటు నుంచి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. బాబాతుండే ఒలాతుంజీ నైజీరియా నుంచి 1950లో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీకి చదువు కోసం స్కాలర్‌షిప్ మీద వచ్చాడు, వచ్చింది డప్పులు కొట్టడానికి కాదు. తర్వాత న్యూయార్క్ హార్లెంలో ఆఫ్రికా కళల కేంద్రం పెట్టాడు. జాజ్ సాక్సఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ అంతటివాడు ఆ కేంద్రం నిలబడటానికి తోడ్పడ్డాడు, 1967 ఏప్రిల్‌లో అక్కడ కచేరీ చేశాడు, జులైలో చనిపోయాడు. బ్రాడీపేట బ్యాండు వాళ్ళు ఇది చదువుతుంటే మీ గాంబియా స్నేహితుడికి తప్పక చెప్పండి, చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళ వల్ల ఎంత జరిగిందో.

లాగోస్‌లో ఫేలా కూటీ కథ ఇంకో రకం. లండన్ ట్రినిటీ కాలేజీలో సంగీతం చదివి, తిరిగొచ్చి హైలైఫ్, జాజ్ కలిపి వాయించి, 1969లో అమెరికా వెళ్ళొచ్చాక ఆఫ్రోబీట్ అనే దాన్ని నిలబెట్టాడు. అందులో లయ మొత్తం టోనీ అలెన్‌ది. అలెన్ లాగోస్‌లో రేడియో స్టేషన్లో టెక్నీషియన్‌గా పనిచేస్తూ డ్రమ్స్ సొంతంగా నేర్చుకున్నాడు. అమెరికా జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ రికార్డులు వినడం, ఇంకో జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) గురించి ఒక జాజ్ పత్రికలో రాసిన పాఠం చదివి సాధన చేయడం, ఇదీ అతని గురుకులం. ఊళ్ళో మిగతా డ్రమ్మర్లు హైహ్యాట్ ముట్టని రోజుల్లో దాన్ని తన లయలోకి తెచ్చుకున్నాడు. అంటే ఆఫ్రికా నుంచి వెళ్ళింది అమెరికాలో మారి, మారినది రికార్డుల మీద ఆఫ్రికాకి వచ్చి, అక్కడ ఇంకోటయింది. ఇందులో ఉన్నదాన్నే కలపడం ఎక్కడుంది చెప్పండి.

ప్రశ్న: *నేను విజయవాడలో మృదంగం నేర్చుకుంటున్నాను. పశ్చిమ ఆఫ్రికా గంట లయ పన్నెండు మాత్రలు అంటారు కదా, తిశ్ర గతిలో ఆది తాళం వాయిస్తే అదే అవుతుంది కదండీ?*

జవాబు: లెక్కకి అవుతుంది తమ్ముడూ, వాయింపుకి అవదు. కాగితం తీసుకుని 1 నుంచి 12 దాకా రాయండి. 1, 3, 5, 6, 8, 10, 12 చుట్టూ సున్నా చుట్టండి. ఆ ఏడు చోట్ల ఇనప గంట మోగుతుంది. ఘనా, టోగోల్లోని ఎవే జనం దగ్గరా, నైజీరియా యోరుబా వాళ్ళ దగ్గరా వినిపించే వరస ఇది. ఇప్పుడు 1, 4, 7, 10 దగ్గర పాదం వెయ్యండి, నాట్యం చేసేవాళ్ళ అడుగు అక్కడ. చేతిలో గంట, కాలితో అడుగు. రెండూ కలిసేది ఎక్కడ? 1 దగ్గర, 10 దగ్గర, అంతే. మిగతా అంతా ఒకటి నేల మీద ఉంటే ఇంకొకటి గాల్లో. అదే గంటని రెండేసి మాత్రల అడుగుతో కొట్టి చూడండి, అంటే 1, 3, 5, 7, 9, 11. మొదటి మూడు దెబ్బలు అడుగు మీదే పడతాయి, ఆరో మాత్ర నుంచి చివరిదాకా అన్నీ అడుగు పక్కన పడతాయి. ఒకే గంట, మీ కాలు మారితే వేరే పాట. ఇది చదివితే అర్థమయ్యేది కాదు, లేచి నిలబడి చేసి చూడాల్సిందే.

తేడా ఇంకోటుంది. మనకి సమం ఎక్కడుందో చేత్తో వేసి చూపిస్తాం, తిప్పి తిప్పి సమానికి వచ్చి పడితే సభలో చప్పట్లు. అక్కడ మొదలు ఇదని ఎవరూ వేలు పెట్టి చూపించరు, గంట తిరుగుతూనే ఉంటుంది, ఎవరికి వాళ్ళు తమ చోటు నుంచి వింటారు. కాబట్టి మీరు ఇలాంటి బ్యాండులో కూర్చున్నప్పుడు ప్రతి ఎనిమిది చుట్లకీ ఒక తీర్మానం వెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోవాలి. మీరు మూడుసార్లు వేసే ముక్తాయి లెక్కకి ఎంత గొప్పగా ఉన్నా అక్కడ తిరుగుతున్నదాన్ని ఆపేస్తుంది. పాట మొత్తానికి ఒక్కటి దాచుకోండి, అందరూ ఆగే చోట వెయ్యండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. జాజ్ డ్రమ్మర్లు రైడ్ సింబల్ మీద వేసే 'డింగ్ డిగ డింగ్' నడకలో మూడూ రెండూ కలగలిసి ఊగుతుంటాయి చూడండి, దానికీ ఈ గంటకీ చుట్టరికం ఉంది. మీ ఎడమచేతి తొప్పిని ఆ ఊపుకి ఇవ్వండి, కుడిచేతిని కాసేపు ఖాళీగా ఉంచండి.

ప్రశ్న: *గవర్నర్‌పేటలో సౌండ్ సిస్టం నడుపుతాను. ఒక కార్యక్రమంలో ఆఫ్రికా బృందం చెక్క పలకల వాయిద్యం వాయించింది, కింద బుర్రలు వేలాడుతున్నాయి. ప్రతి దెబ్బకీ 'జుయ్' మని ఒక రొద. కేబుల్ మార్చాను, మైకు మార్చాను, పోలేదు. చివరికి ఈక్వలైజర్‌లో కోసేస్తే వాళ్ళు బాధపడ్డారు. లోపం ఎక్కడ?*

జవాబు: లోపం లేదండీ, ఆ రొద వాళ్ళు కావాలని పెట్టుకున్నదే. ఆ వాయిద్యం బాలాఫోన్. పలకల కింద వేలాడే ఒక్కో సొరబుర్రకీ చిన్న చిల్లు పెట్టి, దాని మీద పల్చటి పొర అంటిస్తారు, పూర్వం సాలీడు గుడ్ల గూటి పొర, ఇప్పుడు పల్చటి కాగితమో ప్లాస్టిక్ పొరో. పలక మోగినప్పుడు ఆ పొర అదిరి 'జుయ్' మంటుంది. అది లేకపోతే వాళ్ళకి చెక్క శబ్దమే, సంగీతం కాదు. కోరాకి కూడా కొందరు గుర్రం (తీగలు ఆనే చెక్క) మీద చుట్టూ ఉంగరాలున్న రేకు తగిలిస్తారు, తీగ మీటితే అవి సన్నగా గలగలమంటాయి. మీరు తంబురాకి మైకు పెట్టే ఉంటారు, గుర్రానికీ తీగకీ మధ్య దారం సర్ది జీవ తెప్పిస్తారు కదా, దాన్ని మీరెప్పుడూ కొయ్యలేదు, ఎందుకంటే అది మనకి అలవాటు. అలాంటిదే ఇది.

పని సంగతి: బాలాఫోన్‌కి పైన ఒక మైకు, కింద బుర్రల వైపు ఒక మైకు. కోరాకి బుర్ర పక్కన గుండ్రటి రంధ్రం ఉంటుంది, మైకు సూటిగా దాంట్లోకి పెడితే బొయ్యిమంటుంది, కాస్త పక్కకి, వేళ్ళ వైపు తిప్పి పెట్టండి. మెచ్చినవాళ్ళు ఇచ్చే డబ్బులు ఆ రంధ్రంలో వేసుకోవడం వాళ్ళకి మామూలే, స్టేజీ మీద ఎవరైనా నోటు దూరిస్తే కంగారు పడకండి. డ్రమ్స్‌కి దూరంగా కూర్చోబెట్టండి. సౌండ్ చెక్‌లో అందరికన్నా ముందు కోరా లెవెల్ పెట్టి, మిగతావాళ్ళని దాని కిందికి తెండి. మన దగ్గర ఎప్పుడూ కిక్ డ్రమ్‌తో మొదలుపెట్టి, ఆఖర్న టైం లేదని తీగ వాయిద్యాలని తోసేస్తారు, నాకు దీని మీద చాలా ఏళ్ళ కోపం ఉంది.

ప్రశ్న: *మా తాత గుంటూరు జిల్లాలో బుర్రకథలు చెప్పేవాడు. కోరా వాళ్ళు కూడా కథలు చెప్తారని విన్నాను, నిజమేనా? వాళ్ళ పాటలు మనం వాడుకోవచ్చా?*

జవాబు: నిజమే. మాలి, గినీ, గాంబియా, సెనెగల్ ప్రాంతాల్లో జెలీ అని, గ్రియో అని పిలిచే కుటుంబాలున్నాయి, తరతరాలుగా అదే వృత్తి. కుయాతే, జబాతే, సిసోకో అన్న ఇంటిపేరు వింటే అక్కడ ఎవరికైనా తెలిసిపోతుంది. 13వ శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుంజాతా కైతా కథ వాళ్ళ నోటనే ఇన్నాళ్ళూ బతికింది. ఆయన దగ్గరుండిన బాలా ఫాసేకే తమ మూలపురుషుడని కుయాతేలు చెప్పుకుంటారు. కథే కాదు, వంశాలు కూడా వాళ్ళే చెప్తారు, మన పిచ్చుకగుంట్లవాళ్ళు ఇంటి ముందుకొచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు వరసపెట్టి చెప్పినట్టే. మీకు ఇంకోటి నచ్చుతుంది: జెలీ కథ చెప్తుంటే పక్కన ఒకరు కూర్చుని ప్రతి వాక్యానికీ 'నాము' అని ఊకొడతారు. మీ తాత పక్కన వంతలు 'తందాన తానా' అందుకున్నట్టు. మన పొన్నెకల్లు షేక్ నాజర్ గారు ఒక చేత్తో తంబురా, వేలికి అందె తొడుక్కుని, ఎగిరి అడుగేసి కథని ఎలా నడిపేవారో తెలిసినవాళ్ళకి జెలీల గొప్పతనం వేరే చెప్పక్కర్లేదు.

ఇక వాడుకోవడం. అది ఒక ఇంటివాళ్ళ బతుకు, దాంట్లో ఫలానా వంశాన్ని పొగిడే పాటలుంటాయి, ఎవరు ఎవరి కోసం పాడాలో పద్ధతి ఉంటుంది. యూట్యూబులో దొరికింది కదా అని ముక్క కోసుకుని జాజ్ కింద అతికించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఆ ఇంటి మనిషిని పక్కన పెట్టుకుని, ఇది ఎవరి పాట, ఎప్పుడు పాడతారు, మేం వాయించవచ్చా అని అడగాలి. వద్దంటే మానెయ్యాలి. మీ తాత కథల్లోంచి ఒక దరువు తీసి మీరే బ్యాండుకి తీసుకెళ్ళండి, అది మీ చేతిలో ఉన్నది, దానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ప్రశ్న: *మా ఫ్యూజన్ బ్యాండుని విజయవాడలో ఒక రిసెప్షన్‌కి పిలిచారు. మాతో వాయించే ఆఫ్రికా స్నేహితుణ్ణి వాళ్ళ దేశం డ్రెస్ వేసుకుని ముందు నిలబడి జెంబే (చేతులతో కొట్టే ఆఫ్రికా డప్పు) కొడితే చాలు, ఎక్కువ ఏమీ వాయించక్కర్లేదు అంటున్నారు. డబ్బు మంచిగా ఇస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?*

జవాబు: వద్దు. అతను మీ బ్యాండు మనిషి, స్టేజీ డెకరేషన్ కాదు. అతను వాయించే పాట పెడితేనే వస్తామని చెప్పండి, ఒప్పుకోకపోతే ఆ రాత్రి ఇంట్లో ప్రాక్టీసు చేసుకోండి. ఇంకో రెండు సంగతులు కూడా ఇప్పుడే తేల్చుకోండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ డబ్బు తీసుకుని పనిచేయడానికి నిబంధనలు అడ్డొస్తాయి, అతను చిక్కుల్లో పడకూడదు, కాబట్టి ఫీజు మాట్లాడే ముందు అతని యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్ళని అడగండి. రెండోది, రికార్డు చేసి ఆన్‌లైన్లో పెట్టేటప్పుడు పాట ఎవరిదని రాస్తున్నారు? అతను తెచ్చిన కుంబెంగో మీద మీరు కట్టిన పాటైతే, పేర్లలో అతని పేరు ముందుండాలి, అడుగున 'అతిథి కళాకారుడు' అని కాదు. ఇలాంటివి మొదట్లోనే కాగితం మీద రాసుకోని బ్యాండ్లు మంచి సంగీతం మధ్యలో విడిపోవడం చూశాను, చాలా బాధగా ఉంటుంది.

ప్రశ్న: *ఈ కలయికలో వినదగ్గవి కొన్ని చెప్పండి. (గుంటూరు, అరండల్‌పేట)*

జవాబు: హెర్బీ హాన్‌కాక్, గాంబియాకి చెందిన ఫోదే మూసా సుసో ఇద్దరే కూర్చుని టోక్యోలో చేసిన 'విలేజ్ లైఫ్' (1985) ముందు వినండి, కీబోర్డూ కోరా ఎలా పక్కపక్కన బతకగలవో అందులో ఉంది. పియానో హ్యాంక్ జోన్స్, మాలికి చెందిన చేక్ తిడియాన్ సెక్ బృందం కలిసి చేసిన 'సరాలా' (1995) నాకు అన్నిటికన్నా ఇష్టం. అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటిన జోన్స్ ఎక్కడా తోసుకుని ముందుకు రాడు, నాలుగు స్వరాలు వేసి వింటాడు, మళ్ళీ నాలుగు వేస్తాడు. ట్రాంబోన్ వాయించే రోజ్వెల్ రడ్ మాలి రాజధాని బమాకో వెళ్ళి కోరా వాయించే తుమానీ జబాతేతో చేసిన 'మాలికూల్', గాయని డీ డీ బ్రిడ్జ్‌వాటర్ మాలిలో చేసిన 'రెడ్ ఎర్త్' (2007) కూడా. తుమానీ 2024లో పోయారు, ఆయన ఒక్కరే కోరా మీద వాయించినవి ఏవి దొరికినా వినండి. బెనిన్ నుంచి వచ్చిన గిటారిస్టు లయనెల్ లుయేకే తీగల మధ్య కాగితం దూర్చి గిటార్‌ని ఆఫ్రికా వాయిద్యంలా మోగిస్తాడు, గిటార్ వాళ్ళకి అది పాఠం. పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ గారు రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన వాయించినవి ఇవి కాకపోయినా వినండి, తన సంగీతం వదలకుండా ఎదుటివాడి సంగీతంలో ఎలా కూర్చోవాలో ఆయనకి తెలుసు.

ప్రశ్న: *కోరా తీగ తెగితే ఇక్కడ దొరుకుతుందా? వానాకాలం వస్తే తోలు వదులవుతుందేమోనని మా ఫ్రెండ్ టెన్షన్ పడుతున్నాడు. (మొదటి ఉత్తరం రాసిన బ్యాండే, మరో ఉత్తరంలో)*

జవాబు: ఇప్పటి కోరాలకి చాలావరకు నైలాన్ తీగలే, చేపలు పట్టే గాలం దారమే సన్నంవీ లావువీ కొని కట్టుకుంటారు. తెగిన ముక్క తీసుకుని విజయవాడ వన్‌టౌన్ వైపు వలలు, గాలాలు అమ్మే కొట్లకి వెళ్ళి అదే లావుది అడగండి, కృష్ణ ఒడ్డున ఊరు, దొరక్కపోవడమంటూ ఉండదు. లావు తేడా వస్తే శ్రుతి నిలవదు, అందుకని ముక్క మర్చిపోవద్దు. బాగా లావు తీగలు మాత్రం ఇంటి నుంచి వచ్చేవాళ్ళెవరితోనైనా తెప్పించుకోమనండి. తోలు సంగతికి మీ మృదంగం అబ్బాయి ఉన్నాడుగా, తేమకి తోలు ఎలా దిగుతుందో, ఎండకి ఎలా బిగుస్తుందో అతనికన్నా ఎవరికి తెలుసు? వానాకాలంలో బట్ట చుట్టి గోడకి ఆనకుండా పెట్టాలి. మే నెల ఎండలో కార్లో ఒక్క గంట వదిలినా తోలు బిగిసి చిట్లే ప్రమాదం ఉంది. కచేరీకి గంట ముందే స్టేజీ దగ్గరికి తెచ్చి, ఆ గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు శ్రుతి చేయమనండి, ఏసీ హాల్లో అయితే లైట్లు వెలిగాక ఇంకోసారి.